సులువు అనే మాట మానేశాను

పోయిన కార్తీకమాసంలో ఒక రాత్రి, పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పే మా తరగతిలో ఒక పిన్ని పెన్సిల్ విసిరికొట్టింది. అది గోడకి తగిలి పక్కన కూర్చున్న అక్క ఒళ్లో పడింది. "నా వల్ల కాదమ్మాయ్, ఈ వయసులో నాకెందుకు ఇదంతా" అని పుస్తకం మూసేసి, చెప్పులు వేసుకుని చీకట్లో వెళ్లిపోయింది. మిగతా పన్నెండు మందీ తలలు వంచుకుని కూర్చున్నారు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. నాకైతే కాళ్లూ చేతులూ ఆడలేదు.

అంతకు ముందు ఒక్క నిమిషంలో ఏం జరిగిందో చెప్తాను. ఆవిడ "ఆవు" అని రాయాలి. రాసింది. కానీ వ పక్కన కొమ్ము పెట్టేసరికి అది "ఆమ" అయింది. నేను వంగి చూసి, "కాదు పిన్నీ, కొమ్ము కింద పెట్టాలి, చాలా సులువు, చిన్నపిల్లలు కూడా రాసేస్తారు" అన్నాను. నవ్వుతూనే అన్నాను, ధైర్యం చెప్తున్నాననే అనుకున్నాను.

మాది ఒంగోలుకీ సింగరాయకొండకీ మధ్య ఒక ఊరు. టంగుటూరు దగ్గర. చుట్టూ పొగాకు చేలు, ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్లు. ఊళ్లో ఆడవాళ్లు ఎక్కువమంది ఆ పనికి, లేకపోతే మిరపకోతలకి, ఉపాధి హామీ పనికి పోతారు. నేను పగలు వేరే ఉద్యోగం చేసుకుంటాను, రాత్రి ఏడింటి నుంచి ఎనిమిదిన్నర దాకా వారానికి ఐదు రోజులు అంగన్‌వాడీ గదిలో ఈ తరగతి నడుపుతున్నాను. 2011 జనాభా లెక్కల్లో ప్రకాశం జిల్లాలో చదువొచ్చినవాళ్లు వందకి 63 మంది, ఆడవాళ్లలో అయితే 53 మందే. అంటే దాదాపు సగం మంది ఆడవాళ్లకి చదువు రాదు. అట్టా చదువు రాని మా ఊరివాళ్లు పదమూడు మంది నా ముందు చాప మీద కూర్చుంటారు, అందులో ఒక బాబాయి కూడా ఉన్నాడు, ఆయన సంగతి తర్వాత చెప్తాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆవిడకి కోపం ఎక్కువ, ఓపిక తక్కువ అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆవిడ వెళ్లేటప్పుడు ఇంకో మాట అంది, అప్పుడు నేను సరిగ్గా వినలేదు. "నిన్నేమో పక్కన పెట్టమన్నావు, ఇవాళేమో కింద పెట్టమంటున్నావు" అంది.

పొద్దున్నే లేచి పలకబలపం తీసుకుని రాసి చూశాను. కు, గు, దు, రు, లు. అన్నిటికీ కొమ్ము పక్కనే. ముందు రోజు నేను చెప్పింది అదే. పు, ఫు, వు, ఈ మూడింటికి మాత్రం కిందకి వస్తుంది. నాకు ముప్ఫై ఏళ్లుగా చెయ్యి అలవాటైపోయి ఆ తేడా కనపడటమే మానేసింది. కానీ ఆవిడ ఒక్కరోజులో అసలు సూత్రం పట్టుకుంది! కొమ్ము పక్కన పెట్టాలి అని చెప్పాను, తనంతట తాను వ కి కూడా పక్కనే పెట్టింది. అది తప్పు ఎట్టా అవుతుంది? బుర్ర పెట్టి ఆలోచించి రాసిన మనిషికి "చిన్నపిల్లలు కూడా రాసేస్తారు" అని చెప్పాను నేను. చిన్నపిల్లలు ఏమీ అడక్కుండా చూసి దిద్దుతారు కాబట్టి రాసేస్తారు. ఈవిడ ఆలోచించింది కాబట్టి ఆగిపోయింది.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తరగతి గురించి ఎత్తలేదు. వాకిట్లో కూర్చుని, వాళ్ల గేదె ఈనిందంటే చూసి, టీ తాగి, లేచేటప్పుడు పలక తీసి చూపించాను. "పిన్నీ, వ పక్కన కొమ్ము పెడితే చూడు, అది మ అయి కూర్చుంటుంది. రెండూ ఒకటే అయిపోతే చదివేవాళ్లకి తెలవదు కదా, అందుకని దీనికి మాత్రం కింద నుంచి తెస్తారు. నువ్వు రాసింది సూత్రం ప్రకారం కరెక్టే, నేను ఈ సంగతి చెప్పకుండా రాయమన్నాను" అన్నాను. ఆవిడ పలక తీసుకుని చాలాసేపు చూసింది. "ఆ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా" అంది. ఆ రాత్రి అందరికంటే ముందు వచ్చి కూర్చుంది.

పెద్దవాళ్లకి చదువు చెప్పేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నా మొదటి మాట ఇదే. అవతలి మనిషికి చిరాకు వచ్చిందంటే ముందు మన పాఠం వైపు చూసుకోవాలి. ఆ చిరాకులో చాలాసార్లు ఒక న్యాయమైన ప్రశ్న ఉంటుంది, అది అడగడానికి ఆవిడకి మాటలు దొరక్క పెన్సిల్ విసురుతుంది.

సులువు అనే మాట అప్పటి నుంచి మానేశాను. ఎందుకో చెప్తాను. అది సులువు అయ్యి, నాకు రాకపోతే, నేనేంటి? మొద్దుని. ఇక కష్టమే అయ్యి, నాకు వస్తే? అప్పుడు నేను గెలిచినట్టు. మనం ఓదార్చడానికి వాడే మాట ఆవిడ దగ్గర గెలిచే అవకాశం కూడా లాగేసుకుంటుంది. ఇప్పుడు నేను క్ష దగ్గరికి వచ్చేసరికి ముందే చెప్పేస్తాను, "ఇది కష్టమైన అక్షరం, నాలుగు రోజులు పడుతుంది, నాలుగు రోజులూ విసుగు వస్తుంది" అని. అలా చెప్తే ఎవరూ బెదిరిపోరు. వాళ్లు కష్టానికి ఎప్పుడూ భయపడలేదు, వాళ్ల బతుకంతా అదేగా. వాళ్లకి భయం పదిమందిలో చిన్నబోవడం.

అసలు ఈ సంగతి నాకు బాగా అర్థమైంది తరగతిలో కాదు, మాఘమాసంలో పొగాకు గ్రేడింగ్ చేసేచోట. జనవరి నుంచి మార్చి దాకా ఆకు కొట్టడం, బ్యారన్లలో కాల్చడం, గ్రేడింగ్ అన్నీ మీదపడి తరగతికి సగం మంది రారు. రాలేదని బాధపడటం కంటే నేనే వాళ్ల దగ్గరికి పోదామని ఒక ఆదివారం వెళ్లాను. అదే పిన్ని ముందు కాలిన ఆకు గుట్టగా పోసి ఉంది. ఆవిడ ఒక్కో ఆకూ తీసుకుని, వెలుతురు వైపు ఇట్టా తిప్పి, రంగు చూసి, వేళ్లతో మందం చూసి, పక్కనున్న నాలుగైదు కుప్పల్లో ఏదో ఒకదాంట్లో పడేస్తోంది. ఒక్కో ఆకుకి రెండు సెకన్లు కూడా పట్టట్లేదు. నేనూ చేస్తానన్నాను. పది ఆకులు వేశాను, ఏడు తప్పు కుప్పల్లో పడ్డాయి. నాకు అన్నీ పసుపుపచ్చగానే కనిపిస్తున్నాయి! పక్కన ఉన్న ఆడవాళ్లు చూస్తున్నారు, చెవులు వేడెక్కిపోయాయి, లేచి పోవాలనిపించింది. నిజంగా, ఆ క్షణంలో నాకూ ఆ ఆకు తీసి విసిరికొట్టాలనిపించింది.

పిన్ని ఏమందో తెలుసా. సులువమ్మాయ్ అనలేదు. నా చేతిలో ఆకు తీసుకుని, ఇంకో ఆకు పక్కన పెట్టి, "రెండూ కలిపి చూడు, ఒక్కదాన్నే చూస్తే మాకూ తెలవదు" అంది. తర్వాత, "పది రోజులు చెయ్యి పెడితే నీ చెయ్యే చెప్పుద్ది" అంది. అంతే, మళ్లీ తన పనిలో పడిపోయింది. నా వైపు చూడలేదు కూడా. ఆ చూడకపోవడం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ రెండు మాటలూ తెచ్చి మా తరగతిలో పెట్టుకున్నాను. మ, య విడివిడిగా నేర్పడం మానేసి పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ద, ధ కూడా అంతే. ఎవరైనా ఆగిపోతే వాళ్ల పక్కన నిలబడి చూడటం మానేశాను. చిన్న గుర్తు ఒకటి రాసిచ్చి వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోతాను, తీరిగ్గా మళ్లీ వస్తాను. ఇంకెవరైనా మరీ విసిగి లేచి వెళ్తుంటే "ఆగు, కూర్చో" అని అందరి ముందూ పిలవను. వెళ్లనిస్తాను. బయట అరుగు మీద కుండలో నీళ్లు పెట్టాం. చాలామంది అక్కడి దాకా వెళ్లి, నీళ్లు తాగి, కాసేపు చీకట్లో నిలబడి వాళ్లే వస్తారు. వచ్చినప్పుడు నేనేమీ అడగను.

ఇంకో సంగతి, ఇది చిన్నదిగా కనిపిస్తుంది కానీ మాకు సగం గొడవ దీనివల్లే. కళ్లు! నలభై దాటాక దగ్గరివి ఆనకపోవడాన్ని మనవాళ్లు చత్వారం అంటారు, చత్వారింశత్ అంటే నలభై, ఆ మాటలోనే వయసు ఉంది. చదువుకున్నవాళ్లకి పేపరు ఆనకపోతే వెంటనే తెలుస్తుంది, అద్దాలు తెచ్చుకుంటారు. ఎప్పుడూ పేపరు పట్టుకోని మనిషికి ఎట్టా తెలుస్తుంది? సూదిలో దారం మనవరాలు ఎక్కిస్తుంది, బియ్యంలో రాళ్లు కోడలు ఏరుతుంది, అంతే. మా దగ్గర ఒక పెద్దమ్మ రోజూ తలనొప్పి అని పావుగంటకే పుస్తకం పక్కన పెట్టేసేది. చదువంటే ఇష్టం లేదేమో అనుకున్నాను. ఒకరోజు పక్కావిడ అద్దాలు సరదాగా పెట్టుకుని చూసి, "అమ్మో, ఇందులో ఇన్ని గీతలున్నాయా" అంది. అప్పటిదాకా ఆవిడకి ఒత్తులు ఒక మరకలాగా కనిపిస్తున్నాయి. కళ్ల డాక్టర్ దగ్గరికి ఆటో మాట్లాడుకుని ఏడుగురం వెళ్లాం, ఐదుగురికి అద్దాలు వచ్చాయి. అక్షరం నేర్పే ముందు కళ్లు చూపించాలని నాకు ముందే తట్టి ఉంటే మూడు నెలలు ఆ పెద్దమ్మని నేను అనవసరంగా బాధపెట్టేదాన్ని కాదు. ఇప్పుడు బోర్డు మీద అరచేయంత అక్షరాలు రాస్తాను, పుస్తకాల్లో సన్న రూళ్లు వద్దని గళ్ల పుస్తకాలు తెప్పించాం. చేతుల సంగతీ అంతే. కొడవలి పట్టిన చెయ్యి పెన్సిల్‌ని కూడా కొడవలిలాగే బిగించి పడుతుంది, పది నిమిషాలకి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. లావుపాటి మైనపు క్రేయాన్లతో మొదలుపెడితే ఆ బాధ చాలా తగ్గింది.

పేరు రాయడం దగ్గర ఇంకో తమాషా ఉంది, తమాషా అనకూడదు, పాపం వాళ్లకి ఏడుపొస్తుంది. అందరికీ మొదట కావాల్సింది సంతకం. పొదుపు సంఘం మీటింగులో వేలు సిరాలో ముంచకుండా పేరు రాయాలి, అదే కోరిక. మా దగ్గర పేరులో లక్ష్మి ఉన్నవాళ్లు నలుగురు. క, దానికి ష ఒత్తు కలిసి క్ష, దానికింద మళ్లీ మ ఒత్తు, పైన గుడి. తెలుగు రాతలో ఇంతకంటే చిక్కు ముడి ఇంకోటి ఉంటుందా, అదేమో ఆవిడ మొదటి రోజే రాయాలనుకునే మాట! ముందు అ ఆ ఇ ఈ అయ్యాక, గుణింతాలయ్యాక, ఒత్తులయ్యాక నీ పేరు అంటే ఏడాది పడుతుంది, అందాకా ఎవరు ఆగుతారు. అందుకని పేరుని బొమ్మలాగా మొదటి వారమే నేర్పేస్తాను. ముగ్గు వేసినట్టే. చుక్కలు పెట్టి ఇస్తాను, కలుపుతారు. ముగ్గు అనేసరికి చెయ్యి వదులవుతుంది, మెలికల ముగ్గు వేసే వేళ్లకి క్ష్మి ఒక లెక్కా. ఆ ఒత్తుల పేర్లు, ఎందుకు అలా ఉన్నాయో అన్నది తర్వాత నిదానంగా వస్తుంది.

అట్లా ఆరు వారాలు కష్టపడి పేరు నేర్చుకున్న ఒక అక్క సంతోషంగా బ్యాంకుకి వెళ్లింది. కాగితం మీద సంతకం పెట్టింది. కౌంటర్లో అతను చూసి, "మీది వేలిముద్ర ఖాతా కదా, ఇదంతా ఎందుకు, వేలు పెట్టండి" అని స్టాంప్ ప్యాడ్ ముందుకు తోశాడట. వెనక లైన్లో జనం. ఆవిడ వేలు పెట్టి వచ్చేసింది. తర్వాత వారం రోజులు తరగతికి రాలేదు. కబురు పెడితే, "రాసినా పెట్టనివ్వనప్పుడు రాయడం దేనికి" అంది. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. ఆ చిరాకుకి తరగతిలో మందు లేదు, బ్యాంకులోనే ఉంది. నమూనా సంతకం మార్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆధార్, ఫొటో, పాస్‌బుక్ పట్టుకెళ్లాలి. ఆ దరఖాస్తుని మేమంతా కూర్చుని తరగతిలోనే పాఠంలాగా రాశాం, రెండు రోజులు పట్టింది, నేను చెప్తుంటే ఆవిడే చివరి రెండు లైన్లు తన చేత్తో రాసింది. సంతకం ప్రతిసారీ ఒకేలా రావాలి కాబట్టి రోజూ ఇరవైసార్లు పెట్టించాను. మళ్లీ వెళ్లినప్పుడు నేనూ వెళ్లాను, కానీ కౌంటర్ దాకా పోలేదు, తలుపు దగ్గర నిలబడ్డాను. ఆవిడ వద్దంది నన్ను. ఈసారి తీసుకున్నారు.

ఇక ఆ బాబాయి. గ్రానైట్ పనిలో నడుం పోయి ఇప్పుడు ఒక గోడౌన్‌లో కాపలా ఉంటున్నాడు. ఆయన ఎప్పుడూ కోపగించుకోలేదు, ఒక్క మాట అనలేదు. నేను తప్పు చూపిస్తే "అట్నే అమ్మా" అనేవాడు. అందరికంటే ఓపికమంతుడు అనుకున్నాను. ఒకరోజు నుంచి రావడం మానేశాడు. నెల తర్వాత కనిపిస్తే "డ్యూటీ మారిందమ్మా" అన్నాడు. మారలేదని నాకు తర్వాత తెలిసింది. ఆడవాళ్ల మధ్యలో తను వెనకబడి ఉండటం ఆయనకి కష్టమైపోయింది, అది చెప్పుకోవడం ఇంకా కష్టమైంది. అప్పటి నుంచి అరిచేవాళ్ల గురించి నాకు బెంగ తగ్గింది, తల ఊపేవాళ్ల గురించి పెరిగింది. పెన్సిల్ విసిరిన మనిషికి ఇంకా ఆశ ఉంది. బాబాయికి ఇప్పుడు ఆదివారం పూట గోడౌన్ దగ్గరే అరగంట చెప్తున్నాను, లారీల నంబర్లు, సరుకు పేర్లు, రిజిస్టర్‌లో రాసేవి. అక్కడ ఎవరూ చూడరు.

మా వైపు రాత్రి బడుల మాట వస్తే పెద్దవాళ్లు దూబగుంట గుర్తు చేస్తారు. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని ఊరు. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరుగుతున్నప్పుడు అక్కడ ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివారు, తాగుడు వల్ల ఒక సంసారం కూలిపోయిన కథ. చదివి ఊరుకోలేదు. ఇది మా కథే అన్నారు, ఊళ్లో సారా కొట్టు మూయించారు, వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నడిచారు, అది జిల్లా అంతా పాకి, చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అయింది. సారా ఉద్యమంగానే ఈ కథ అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం అక్కడ పాఠం చెప్పిన వాలంటీర్లు గుర్తొస్తారు. చాప మీద కూర్చున్న ఆడవాళ్లకి కోపం వచ్చింది, దాన్ని "ముందు పాఠం కానివ్వండి" అని వాళ్లు అణిచేసి ఉంటే? పగలంతా పనిచేసి వచ్చిన మనిషి కోపంలో ఆ అక్షరం మీద కోపం పిసరంతే. కూలి డబ్బులు ఇవ్వని మేస్త్రి మీద, చిన్నప్పుడు తమ్ముణ్ణి ఎత్తుకోమని బడి మాన్పించిన ఇంటి మీద, ఎవరెవరి మీదో ఉంటుంది. మా తరగతిలో మొదటి పది నిమిషాలు పుస్తకం తీయం. ఆ రోజు ఏం జరిగిందో చెప్పుకుంటారు. అందులోంచి ఒక మాట తీసుకుని బోర్డు మీద రాస్తాను. ఒకరోజు "మేస్త్రి", ఇంకోరోజు "గ్యాసు". ఒత్తులున్నాయని భయపడను, వాళ్లే అడిగిన మాట అయితే ఎంత కష్టమైనా పట్టుకుంటారు.

ఎర్ర పెన్ను నేను వాడను. ప్రతి పేజీ మీదా తారీఖు మాత్రం వేయిస్తాను. ఎవరైనా "నాకేం రావట్లేదు" అన్నప్పుడు మాట్లాడకుండా మూడు నెలల క్రితం పేజీ తిప్పి ముందు పెడతాను. ఆ వంకర గీతలు చూసి వాళ్లకి వాళ్లే నవ్వుకుంటారు. నేను మెచ్చుకుంటే నమ్మరు, మొహమాటానికి అంటున్నాననుకుంటారు. వాళ్ల చేతిరాతని వాళ్లు నమ్ముతారు.

కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి పదిహేనేళ్లు దాటినవాళ్ల కోసం నడుపుతున్న ఉల్లాస్ అనే అక్షరాస్యత కార్యక్రమంలో చివర ఒక పరీక్ష ఉంటుంది, చదవడానికి, రాయడానికి, లెక్కలకి తలా 50, మొత్తం 150 మార్కులు. పరీక్ష అనేసరికి మా వాళ్లకి టెన్షన్ పట్టుకుంది. లెక్కల గురించి మాత్రం బెంగ లేదు, వడ్డీ లెక్కలు నోటితో నాకంటే వేగంగా చేస్తారు, కాగితం మీద పెట్టడమే. నేను రోజూ పరీక్ష పరీక్ష అనడం మానేశాను. ఇష్టమున్నవాళ్లు రాస్తారు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా పిన్ని ఫోన్ చేసింది. ఒంగోలు బస్టాండ్‌లో ఉందట, కందుకూరులో కూతురి దగ్గరికి పోవాలి. ఇక్కడో ఇబ్బంది ఉంది, కందుకూరు, కనిగిరి, కొండపి, కావలి, అన్నీ క గుణింతంతోనే మొదలవుతాయి. ఇంతకు ముందు ఆవిడ ఎవరినో ఒకరిని అడిగి ఎక్కేది, ఒకసారి క చూసి ఎక్కి కనిగిరి రోడ్డున చాలా దూరం పోయింది కూడా. ఆ రోజు బస్టాండ్ చప్పుళ్లలో గట్టిగా అరుస్తోంది.

"అమ్మాయ్, క ఉంది, పక్కన సున్నా ఉంది."

"తర్వాత?"

"ద. కొమ్ముంది. పక్కనే ఉంది, కింద కాదు."

"అయితే?"

"అయితే ఏంది, కందుకూరే. ఎక్కుతున్నా, పెట్టెయ్" అని కోపంగా పెట్టేసింది.